బటన్ మీద బొటనవేలు

అతన్ని జట్టులోంచి గెంటేసింది మీరే. ఒక్క కెప్టెన్ పని కాదది. ఆ సాయంత్రం లైన్లో ఉండి కిసుక్కున నవ్విన ప్రతివాడికీ అందులో వాటా ఉంది. నవ్వకుండా గమ్మున కూర్చున్నవాళ్లు ఇంకా రెండాకులు ఎక్కువే చదివారు. గుద్దుకున్నది తెర మీది బొమ్మ కారు. మళ్లీ మొదలుపెడితే ఒంటి మీద గీత లేకుండా వచ్చి నిలబడే కారు. దానికోసం మీరు మనిషిని తొక్కేశారు. మాట రానివాడికి మైకెందుకన్నారు. మాట రానివాడెవడయ్యా? మాట వస్తూనే ఉంది. అది వచ్చేదాకా ఆగే ఓపిక మీకు లేకపోయింది. ఆ లోటు మీది. దాన్ని తీసుకెళ్లి అతని నెత్తిన రుద్దారు.

ఏం జరిగిందో మొదట్నుంచీ చెబుతాను. మధ్యలో అందుకోకుండా వినండి.

ఆ రేసుల లోకంలో అతన్ని గడ్డి అంటారు. వెక్కిరింపుకి పెట్టిన పేరు కాదు, తనే పెట్టుకున్నాడు. ఆన్‌లైన్‌లో కారు రేసులు మొదలుపెట్టిన కొత్తలో అతని కారు రోడ్డు మీద కన్నా పక్కన పచ్చిక మీదే ఎక్కువ తిరిగేది. మలుపు వచ్చాక గానీ బ్రేకు గుర్తొచ్చేది కాదు. బ్రేకు గుర్తొచ్చేసరికి కారు మేతకి పోయిన పశువులా పచ్చికలో నిలబడి ఉండేది. ఆటలో పేరేమిటని అడిగితే, దాచడమెందుకని "గడ్డి" అని కొట్టేశాడు.

స్టీరింగ్ ఎవరో వాడి వదిలించుకున్నది. దాన్ని అక్క కుట్టుమిషను బల్లకి బిగించాడు. మలుపు తిప్పినప్పుడల్లా బల్ల గజగజలాడి దారపు రీళ్లు కిందపడి మంచం కిందికి దొర్లిపోయేవి. పెడల్స్ ముందుకి జారుతుంటే గోడకీ వాటికీ మధ్య ఇటుకలు పేర్చాడు. అప్పుడు బ్రేకు తొక్కితే కుర్చీ వెనక్కి పరిగెత్తడం మొదలుపెట్టింది. కుర్చీ చక్రాలు ఊడబీకాడు. గోడలకి రంగులేసే బావ పని నుంచి వచ్చి, మొహం మీది రంగు చుక్కలైనా తుడుచుకోకుండా గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"కూర్చున్నచోటు నుంచి అంగుళం కదలకుండా ఇంత చెమట పట్టించుకున్నవాణ్ని నిన్నే చూశాను బావమరిదీ! అదేదో నిజం కారైతే నన్ను పొద్దున్నే పనికాడ దింపేవాడివి కదా."

"దిం... దింపుతా బావా. కా... కా..."

"కాకపోతే గడ్డిలో దింపుతాడు!" అని వంటింట్లోంచి అక్క అందుకునేది.

బావ పగలబడి నవ్వేవాడు. జోకు తమ్ముడిది, నవ్వు అక్క ఖాతాలోకి పోయేది. ఆ ఇంట్లో అది ఎంత మామూలంటే, ఎవరికీ తప్పుగా తోచేది కాదు. అక్క పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పని చేస్తుంది. రోజంతా అవతలివాళ్లు సగం చెప్పగానే మిగతా సగం తను చెప్పేయడం ఆమెకి అలవాటు. ఇంటికొచ్చాక కూడా ఆ నోటికి తాళం పడేది కాదు.

కారుకి మాటతో పని లేదు. అందుకే అతనికి కారు నచ్చింది. బ్రేకుని కాలివేళ్లతో మొదట గట్టిగా, తర్వాత కొద్దికొద్దిగా వదలడం నేర్చుకున్నాడు. కారు ముక్కు వైపు చూడటం మానేసి, రాబోయే మలుపు చివరికి చూడటం నేర్చుకున్నాడు. వేగంలో అందరికన్నా ముందేమీ కాదు, మధ్యరకం. కానీ ఒక చుట్టు ఎలా తిరిగాడో తర్వాతి చుట్టూ అలాగే తిరుగుతాడు. సాయంత్రమంతా అలాగే తిరుగుతాడు. గంటల తరబడి సాగే పెద్ద రేసులకి అలాంటివాడే కావాలి. కాకపోతే పెద్ద రేసులోకి ఒంటరిగా రానివ్వరు. ఒకే కారుని ముగ్గురు వంతులు వేసుకుని తోలాలి. ఒకడు తోలుతుంటే, ఇంకొకడు ఆ కారు చుట్టుపక్కలంతా తన తెర మీద చూస్తూ, ఏ పక్కన ఎవరొస్తున్నారో చెవిలో చెబుతుండాలి. దాన్ని కాపలా అంటారు. తోలేవాడికి ముందున్న రోడ్డే కనబడుతుంది. పక్కల కోసం కాపలావాణ్ని నమ్మాల్సిందే.

అలా ఒక జట్టులో చేరాడు. కుర్రాళ్ల జట్టు. మాటలన్నీ కలగాపులగం అవుతున్నాయని కెప్టెన్ గొంతు తాళం పెట్టాడు. ఒకరు స్టీరింగ్ మీది బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్ల మైకులు పనిచేయవు. వినడానికి బాగానే ఉంది. ఆ రూలు రాసినవాడికి మాట తడబడే మనిషి ఒకడు ఉంటాడన్న ఊహే లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం సాధన రేసు. కెప్టెన్ తోలుతున్నాడు, కాపలా గడ్డిది. పొడుగు రోడ్డు చివర మలుపు. వెనకనుంచి నీలం కారొకటి కుడివైపు దూరింది. గడ్డి చూశాడు. అందరికన్నా ముందు చూశాడు. బొటనవేలు బటన్ మీద పడింది.

"కు..."

గొంతు బిగుసుకుపోయింది. పెదాలు ఆ అక్షరం దగ్గరే ఆగిపోయాయి. మెడనరాలు తేలాయి. బటన్ మీది వేలు తీస్తే మాట పోతుందన్నట్టు ఇంకా గట్టిగా నొక్కాడు. అదే నీలం కారుని జట్టులో ఇంకొకడు కూడా చూశాడు, అరిచాడు కూడా. ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. కెప్టెన్ మలుపు తిరిగాడు. రెండు కార్లూ పెనవేసుకుని గోడకి కొట్టుకున్నాయి.

"...డి" అన్నాడు గడ్డి, పొగ లేచాక.

లైన్లో ఎవడో "కు... కు... కు..." అన్నాడు. నవ్వులు. "వీడు కోడిపుంజురా, మనం తెల్లారిందనుకోవాలి" అని ఇంకొకడు.

"బటన్ నొక్కిపట్టి నోరు మూసుక్కూర్చుంటావేంట్రా గడ్డీ?" అన్నాడు కెప్టెన్. "నువ్వు చెప్పవు, చెప్పేవాణ్ని చెప్పనివ్వవు. మాట రానివాడికి మైకెందుకు?"

అతను సంజాయిషీ చెప్పుకుందామని మళ్లీ బటన్ నొక్కాడు. ఈసారి ఆకుపచ్చ దీపం వెలగలేదు. జట్టు బొమ్మ తెర మీంచి మాయమైంది. స్టీరింగ్ మాత్రం ఇంకా సన్నగా వణుకుతోంది, కారు ఎక్కడో నడుస్తున్నట్టు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"అన్నం పెట్టనా?" అని అక్క కేకేసింది. జవాబు కోసం ఆగకుండా తనే "పెడుతున్నా" అంది.

*

అతని పని కళ్లద్దాల షాపులో, వెనక గదిలో. ముందు గదిలో అద్దాల బీరువాలు, కుర్చీలు, నవ్వే షాపాయన. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, వేడిగాలి పెట్టె, అతను. మొదట్లో ముందు గదిలోనే ఉండేవాడు. గిరాకీ అడిగినదానికి జవాబు చెప్పబోయి ఆగిపోతుంటే, షాపాయన భుజం మీద చెయ్యేసి వెనక్కి నడిపించాడు. తిట్టలేదు, కసరలేదు. కుర్చీ జరిపినట్టు జరిపాడు.

శనివారం మధ్యాహ్నం ఒక ముసలావిడ కళ్లజోడు బిగిస్తున్నాడు. అద్దం మధ్యలో చుక్క పెట్టాడు. చుక్క సరిగ్గా ఆవిడ కంటిపాప ముందుకి రావాలి. అంచుని మిషను మీద నీళ్లధార కింద ఆనించాడు. ఫ్రేముని వేడిగాలిలో తిప్పి తిప్పి మెత్తబరిచాడు. రెండు బొటనవేళ్లతో అద్దాన్ని ఒక్క ఒత్తు ఒత్తితే టక్కుమని కూర్చుంది. ఊది, గుడ్డతో తుడిచి, కిటికీ చువ్వలకేసి పట్టి చూశాడు. చువ్వలు తిన్నగా ఉన్నాయి.

ముసలావిడ వెనక గది గుమ్మం దాకా వచ్చేసింది. "బాబూ, దీంతో చదువుకోవచ్చా, లేకపోతే నడవడానికేనా?"

"చ... చద..."

"చదువుకోవడానికేనమ్మా! నడిచేటప్పుడు తీసెయ్యండి" అన్నాడు షాపాయన ముందు గదిలోంచి.

ఆవిడ అతని మొహంలోకి చూసి జాలిగా తల పంకించి వెళ్లిపోయింది. ఆ అద్దాలు రెండింటికీ పనికొస్తాయి. కింది సగం చదవడానికి, పై సగం నడవడానికి. అదే చెప్పబోయాడు. లేచి ముందు గదిలోకి పరిగెత్తి, ఆవిడ భుజం తట్టి, కింది సగం మీదా పై సగం మీదా వేలు పెట్టి చూపించాడు. ఆవిడకి అర్థమైంది. షాపాయన "అదే, నేనూ అదే అనబోతున్నా" అన్నాడు. గడ్డి వెనక్కి వచ్చి మిషను కట్టేసి స్టూలు మీద కూర్చున్నాడు.

ఫోన్ తీశాడు. జట్లు వెతుక్కునేవాళ్ల గుంపులో రాశాడు: "పెద్ద రేసుల జట్టు కోసం చూస్తున్నాను. వేగం మామూలు. కారుని గోడకి కొట్టను. మాట్లాడటంలో నత్తి ఉంది." చివరి ముక్క దగ్గర ఆగాడు. చెరిపాడు. మళ్లీ రాశాడు. మళ్లీ చెరిపి, ఆ ముక్క లేకుండా పంపాడు.

జవాబులు టపటపా వచ్చాయి. "మైక్ తప్పనిసరి." "మైక్ ఉంటేనే మాట్లాడు." "కాపలా గట్టిగా చేయగలవా?" వాటి కింద ఇంకొకటి ఉంది. పేరు పెద్దమ్మ. జట్టు పేరు నిదానం. "రేసుల జట్టుకి నిదానమేంటని నవ్వకు, అందరూ నవ్వేశారు. వచ్చే ఆదివారం పెద్ద రేసుకి మూడో మనిషి లేడు. మూడో మనిషి లేకపోతే మమ్మల్ని రానివ్వరు. గురువారం సాయంత్రం వచ్చి కాస్త తిరిగి చూపించు. మాట్లాడుకుందాం."

ఆఖరి మాట చూసి అతను ఫోన్ బోర్లా తిప్పి పెట్టాడు.

*

గురువారం అక్క పని నుంచి తొందరగా వచ్చింది. అతను చెప్పలేదు. మొహం చూసి ఆమే కనిపెట్టి, అడిగి, సగం విని, మిగతాది ఊహించేసింది. టీ తెచ్చి బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. హెడ్‌సెట్ అతని మెడలో వేలాడుతోంది, అందులోంచి గొంతు గదిలోకి కూడా వినబడుతోంది.

"అబ్బాయ్, వినిపిస్తోందా? నేను పెద్దమ్మని. డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. రోజంతా నిజం కారులో పక్క సీట్లో కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటా కాబట్టి సాయంత్రం ఇక్కడ నేనే తోలుతా. ఇంకో గొంతు బేకరీవాడిది, వాణ్ని బేకరీ అనే పిలుస్తాం."

"దండాలు," అంది ఇంకో గొంతు బద్ధకంగా. "మా బేకరీలో రొట్టెలు పొద్దున్నే మాడతాయి, ఇక్కడ టైర్లు సాయంత్రం మాడతాయి."

"వాడి మాటలు పట్టించుకోకు. నీ సంగతి చెప్పు. ఎన్నాళ్ల నుంచి తోలుతున్నావ్?"

అతను బటన్ నొక్కాడు. సంవత్సరం అని చెప్పాలి.

"సం... స్..."

ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. అక్క చేతులు నలుపుకుంది. అతని కళ్లు గట్టిగా మూసుకోవడం చూసింది. ఇక ఆగలేకపోయింది. మెడలోని హెడ్‌సెట్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకుని "సంవత్సరమండీ!" అంది, అపాయింట్‌మెంటు ఖాయం చేసినంత హుషారుగా.

పెద్దమ్మ వెంటనే అడిగింది.

"ఎవరమ్మా?"

"వాడి అక్కనండి. వాడికి జలుబు. తుమ్ముకో మాట వస్తోంది. ఏం కావాలన్నా నన్నడగండి."

"తోలేది నువ్వా, వాడా?"

"అయ్యో, వాడేనండీ! నాకు సైకిలు కూడా రాదు."

బేకరీ నవ్వాడు. ఈ నవ్వులో ముల్లు లేదు. గడ్డి మాత్రం అక్క వైపు చూడలేదు. స్టీరింగ్ పట్టుకుని తోలడం మొదలుపెట్టాడు. తోలుతున్నంతసేపూ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. చుట్టు తర్వాత చుట్టు ఒకే గీత మీద పోయాడు. మధ్యలో ఒక వేగపు కారు మీదిమీదికి వస్తే పంతానికి పోకుండా దారిచ్చాడు.

"దారిచ్చాడే!" అంది పెద్దమ్మ. "నా దగ్గర నేర్చుకునేవాళ్లకి ఆ ఒక్కటి రావడానికే నా నోరు పడిపోతుంది. అబ్బాయ్, నచ్చావ్. ఆదివారానికి గొంతు సర్దుకుంటుందా?"

"సర్దుకోకపోతే నేను పక్కన కూర్చుంటానండి," అంది అక్క. "వాడు నా ఏ మోకాలు తడితే ఆ పక్క కారొస్తోందని నేను చెబుతా."

"మంచిదే," అంది పెద్దమ్మ నెమ్మదిగా. ఇంకేదో అనబోయి ఆగినట్టు వినిపించింది.

లైను కట్టేశాక అక్క అతని జుట్టు చెరిపేసింది. "చూశావా? చేర్చుకున్నారు!"

చేర్చుకున్నారు. అతనికి అది అరువు తెచ్చుకున్న చొక్కాలా ఉంది. ఎక్కడ చెయ్యెత్తినా చంకలో పట్టేస్తోంది. చేర్చుకున్నది జలుబు చేసిన మనిషిని. అలాంటి మనిషి ఆ ఇంట్లో లేడు.

*

మర్నాడు సాయంత్రం అక్క కుర్చీ తెచ్చి అతని పక్కన వేసింది. పాత రేసు ఒకటి పెట్టించి, "తట్టు, తట్టు" అంటూ సాధన మొదలుపెట్టింది. ఎడమ మోకాలు తడితే "ఎడమ!", కుడి మోకాలు తడితే "కుడి!" ఫోన్లో పళ్లనొప్పివాళ్లతో మాట్లాడుతూ కూడా ఇదే ఆలోచించానంది. ఒకావిడకి ఎడమ దవడా కుడి దవడా అని అడగబోయి ఏ పక్క కారు అని అడిగేశానంది. అది చెప్పి తనే నవ్వింది.

అతను నవ్వలేదు. "అక్కా. ఆ... ఆదివారం నువ్వు..."

"నా డ్యూటీ ఇంకొకామెకి అప్పజెప్పేశాన్రా. కంగారు పడకు."

"కాదు. నువ్వు రా... రా..."

"రానా? వస్తానంటున్నా కదా!"

అరచేత్తో బల్ల మీద కొట్టాడు. రీళ్లు దొర్లాయి. "రావద్దు!"

ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఇద్దరూ దానికే ఉలిక్కిపడ్డారు. అక్క వంగి ఒక రీలు తీసింది, రెండోది మంచం కిందికి పోతే దానికోసం మోకాళ్ల మీద కూర్చుంది. అక్కడే ఉండిపోయింది.

"నీకోసమే కదరా," అంది మంచం కిందికి చూస్తూ. "నువ్వు అట్లా మధ్యలో ఆగిపోతే నాకిక్కడ ఊపిరాడదు. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. అందుకే అందుకుంటా. నీకోసమని అంటాను గానీ, నా వల్ల కాకే అందుకుంటాను."

అతను వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "నా... నాకు ఊపిరి ఆ... ఆడు..."

"ఆడుతూనే ఉంటుంది, నాకు తెలుసు," అంది అక్క. అనేసి, చేత్తో నోరు మూసుకుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అక్క కళ్లు తుడుచుకుంది. "ఈ నోటిని నేనేం చెయ్యన్రా? వాళ్లకి నువ్వే చెప్పుకో, సరేనా? వాళ్లు కూడా తీసేస్తే మాత్రం ఆ పెద్దమ్మ డ్రైవింగ్ స్కూలు ఎక్కడుందో కనుక్కుని వెళ్లి కడిగేస్తా."

*

ఆదివారం పొద్దున రేసు. అక్క వంటింట్లోనే ఉంది. గిన్నెలు తోముతోంది, తోమినవే తోముతోంది. అతను హెడ్‌సెట్ పెట్టుకుని లైన్లోకి వచ్చాడు. తెర మీద కార్లు ఒకదాని వెనక ఒకటి వరసలో చేరుతున్నాయి.

"అబ్బాయ్, వచ్చావా? జలుబెలా ఉంది?"

ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ లేదు. బొటనవేలు బటన్ మీద పెట్టాడు. స్టీరింగ్ మీది తోలు చెమటకి జారుతోంది.

"పె... పెద్దమ్మా. నాకు జ... జ..."

ఆగిపోయింది. దవడ బిగిసింది. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. వరసలోకి ఇంకో కారొచ్చింది, ఇంకోటి వచ్చింది. ఎవరైనా ఏమైనా అంటారని ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. లైను తెగిపోయిందేమోనని భయమేసింది. బేకరీ ఊపిరి వినబడుతోంది, అంటే ఉన్నారు.

"...జలుబు లేదు. న... నత్తి. మొన్న చె... చెప్పింది అబద్ధం. మీకు ఇ... ఇష్టం లేకపోతే ఇప్పుడే ది... దిగిపోతా."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు బేకరీ. "నేను మా ఇంట్లో నెట్ పోయిందనుకుని ఇందాకట్నుంచి దాన్ని మనసులోనే బండబూతులు తిడుతున్నా. పాపం."

గడ్డికి నవ్వొచ్చింది. అంత చెమటలోనూ వచ్చింది.

"జలుబు కాదని నాకు మొన్నే తెలుసబ్బాయ్," అంది పెద్దమ్మ. "మీ అక్క తుమ్ములంది, నాకు ఒక్క తుమ్మూ వినపడలేదు. అసలు సంగతి నువ్వే చెబుతావేమోనని చూశా. సరే, పని మాట్లాడుకుందాం. ఏ మాటలు నిన్ను ఎక్కువ ఏడిపిస్తాయి?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "క... కతో మొదలైతే. కు... కు..."

పెద్దమ్మ ఆగింది.

"...కుడి."

"అయితే ఇవాళ్టి నుంచి ఈ జట్టులో కుడి అనే మాట లేదు. దాని బదులు ఏది తేలిక?"

"అటు."

"కుడికి అటు, ఎడమకి ఎడమ. బేకరీ, నువ్వు కూడా అట్లాగే అనాలి, ఇద్దరు రెండు రకాలుగా అంటే నా బుర్ర తిరుగుతుంది. ఇంకోటి, గొంతు తాళం ఉంటే తీసెయ్. ఇంకోటి అబ్బాయ్, నువ్వు బటన్ నొక్కితే నా చెవిలో టక్కుమంటుంది. ఆ టక్కే నాకు సగం కబురు. అది వినగానే రెండు పక్కలా చోటు వదిలేస్తా. ఏ పక్కో నిదానంగా చెప్పు. మన జట్టు పేరేంటి మరి?"

తెర మీద రేసు మొదలయ్యే దీపాలు వెలిగి ఆరాయి. రేసు మొదలైంది.

మొదటి వంతు పెద్దమ్మది. గడ్డి కాపలా. కొన్ని చుట్ల తర్వాత వెనకనుంచి పసుపు కారొకటి కుడివైపు దూరింది. అతను నొక్కాడు. టక్. పెద్దమ్మ కారు కొంచెం మధ్యకి జరిగింది. "అ... అటు." పసుపు కారు పక్కనుంచి దూసుకుపోయింది. రెండింటి మధ్యా అరచెయ్యి దూరం కూడా లేదు, తగల్లేదు.

"దొరలా పోయాడు," అంది పెద్దమ్మ. "తర్వాత?"

వంతు మారింది. గడ్డి తోలాడు. బేకరీ కాపలా కాశాడు. "ఎడమ... ఎడమ... ఖాళీ. కుడి... ఛ, అదే, అటు! అటు!" అని నాలిక్కరుచుకున్నాడు. ఎవరికో కొత్త మాట నేర్చుకోవాల్సి రావడం, ఆ ఎవరో తను కాకపోవడం గడ్డికి వింతగా ఉంది. మలుపుల్లో చేతులు వాటంతట అవే తిరిగాయి. ముందు రెండు కార్లు ఒకదాన్నొకటి రాసుకుని పక్కకి తొలగితే మధ్యలోంచి పోయాడు.

బేకరీ వంతు కూడా అయ్యాక, ఆఖరి వంతు మళ్లీ పెద్దమ్మది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతుల్నుంచి నీళ్లు కారుతున్నాయి. తెర మీద ఎర్ర కారొకటి ఎడమవైపు దూరుతోంది. ఆమెకీ కనబడింది. ఇన్ని రోజులు చూసి ఆమెకీ తెలిసిపోయింది.

టక్. "ఎ..."

ఎప్పుడూ ఇబ్బంది పెట్టని అక్షరం. ఇవాళ అదీ మొండికేసింది. అక్క పెదాలు ఆ మాటని చుట్టేశాయి. గాలి కూడా లోపలికి పీల్చింది. ఒక్క అరుపు చాలు. తడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తలుపు చెక్కని పట్టుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

"...ఎడమ."

ఆలస్యమైంది. ఎర్ర కారు వెనక టైరుని గీరింది. పెద్దమ్మ కారు అడ్డం తిరిగి, గోడని రాసుకుని, ఊగి ఊగి నిలదొక్కుకుంది. నాలుగైదు కార్లు ముందుకి పోయాయి. గడ్డి భుజాలు బిగబట్టుకున్నాడు. ఆ తర్వాత ఏం వినబడుతుందో అతనికి తెలుసు.

"టక్కు విన్నాను," అంది పెద్దమ్మ. "చోటూ వదిలాను. ఇంకో జానెడు వదలాల్సింది, నా లెక్క తప్పింది. తర్వాత?"

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"అబ్బాయ్, తర్వాత ఎవరున్నారు? నాకు పక్కలు కనబడవు, తెలుసుగా."

తెర వైపు చూశాడు. నొక్కాడు. టక్. "ఖ... ఖాళీ. రెండు పక్కలా."

"శభాష్. పోదాం."

రేసు అయిపోయేసరికి వాళ్ల కారు వరస మధ్యలో ఎక్కడో ఉంది. బేకరీ ఆ స్థానానికే జగత్తు గెలిచినట్టు ఈల వేశాడు. పెద్దమ్మ మంచినీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది.

"వచ్చే నెల ఇంకో పెద్ద రేసుంది. మొదటి వంతు నీకిస్తా. మా జట్టులో ఉంటావా?"

బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది. నొక్కాడు. మాట బయల్దేరి గొంతులో ఆగింది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. లైన్లో ఇద్దరూ ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. అప్పుడే బయటినుంచి వచ్చిన బావ తెరనీ, బావమరిది మొహాన్నీ చూసి, సాయం చేద్దామని హుషారుగా నోరు తెరిచాడు.

"ఉంటా—"

అక్క తడిచెయ్యి బావ నోటి మీద పడింది. గట్టిగా అదిమిపట్టింది. బావ గుడ్లు మిటకరించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ముగ్గురూ అలాగే ఉండిపోయారు. బావ గడ్డం మీంచి సబ్బునీళ్లు కారుతున్నాయి.

"ఉం... ఉం..."

ఎవరూ అందుకోలేదు.

"...ఉంటాను," అన్నాడు గడ్డి.

*

ఇక మీ సంగతి. అతనికి మీ క్షమాపణలు అక్కర్లేదు, వాటిని వింటూ కూర్చునే తీరిక అతనికి లేదు. మీ జట్టు గోడ మీద "మైక్ తప్పనిసరి" అని రాసుకున్నారే, దాన్ని ఈ పూటే పీకెయ్యండి. "మీకు ఎలా మాట్లాడితే వీలు?" అని రాయండి. మీ మైకులకి పెట్టిన తాళం విప్పండి. వెక్కిరించినవాడు మీలోనే ఉన్నాడు, వాణ్ని నిలదీయండి, చేతకాకపోతే కెప్టెన్ పదవి దిగండి. షాపుల్లో మనుషుల్ని వెనక గదుల్లోకి జరిపినవాళ్లారా, రేపు పొద్దున్నే వాళ్ల స్టూలు తెచ్చి ముందు గదిలో వెయ్యండి. ప్రేమకొద్దీ ఎదుటివాళ్ల మాటని నోట్లోంచి లాక్కునే అక్కలూ, బావలూ, అమ్మలూ, నాన్నలూ, మీకూ చెబుతున్నా. మీ ముందు ఒక మనిషి మాట మొదలుపెట్టి ఆగితే, మీరూ ఆగండి. గడియారం వైపు చూడొద్దు, జాలిగా తల ఊపొద్దు, మిగతా సగం అందించొద్దు. మీకు ఊపిరాడకపోతే తలుపు పట్టుకుని నిలబడండి. ఆ మాట ఆ మనిషిది, ఆ మనిషినే చెప్పనివ్వండి.